అశోక్‌నగర్ నోట్సులో మనమే ‘వీరు’

చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో ఒక మధ్యాహ్నం టెస్ట్ సిరీస్ పేపర్ చేస్తున్న. అందులో ఒక బిట్ వచ్చింది. షెడ్యూల్డ్ తెగలను గుర్తించడానికి 1965లో లోకూర్ కమిటీ చెప్పిన ప్రమాణాల్లో లేనిది ఏది? ఆ కమిటీ చెప్పిన ఐదూ నాకు నోటికి వచ్చు. ఆదిమ లక్షణాలు, ప్రత్యేక సంస్కృతి, భౌగోళికంగా విడిగా ఉండటం, బయటి జనంతో కలవడానికి బెరుకు, వెనుకబాటుతనం. రెండు సెకన్లలో జవాబు పెట్టేసిన.

తర్వాత తల ఎత్తి చూసిన. అటు పక్క నల్గొండ అన్న, ఇటు పక్క పాలమూరు తమ్ముడు. మోచేతులు తగిలేంత దగ్గర. పొద్దున సీటు కోసం ఈ ఇద్దరితో కలిసే లైన్ల నిలబడ్డ. అశోక్‌నగర్ గల్లీలో మా రూముల ఐదుగురం, అందరికీ ఒకటే బాత్రూం. అట్లాంటి నాకు జనంతో కలవాలంటే బెరుకట!

నవ్వొచ్చింది. సాయంత్రానికి ఆ నవ్వు పోయింది. ఆ బిట్ తప్పు పెడితే నాకు మార్కు పోయేది. అంటే నేను బెరుకువాణ్ణని, వెనుకబడ్డవాణ్ణని సరిగ్గా గుర్తుపెట్టుకుంటేనే నాకు మార్కు వస్తది. ఉద్యోగం కోసం మనం ఇక్కడికి వచ్చి నేర్చుకుంటున్న వాటిలో ఇది కూడా ఒకటి. దీని గురించి మనలో మనం మాట్లాడుకోవాలని ఇది రాస్తున్న.

మీ దగ్గరున్న ఏ తెలంగాణ చరిత్ర, సంస్కృతి నోట్సైనా తీయండి. గోండుల దగ్గర ఇట్లా ఉంటది: వీరు ఆదిలాబాద్ ప్రాంతంలో నివసిస్తారు, వీరి దేవత నాగోబా, వీరి నృత్యం గుస్సాడి, వీరు పోడు చేస్తారు. నేను గోండు బిడ్డను. నాగోబా పూజ మెస్రం వంశం వాళ్ళదని, మిగతా వంశాలకు వాళ్ళ వాళ్ళ పెర్సాపేన్ ఉంటదని నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. గుస్సాడి దీపావళి ముందు దండారి పండుగలో నియమంతో ఆడేదని, పెద్దసార్లు వచ్చిన ప్రతిసారీ స్టేజీ కింద ఆడేది కాదని కూడా తెలుసు. అయినా నేను నోట్సే బట్టీ పట్టిన. ఆ ‘వీరు’లో మా అమ్మ ఉంది, మా తాత ఉన్నడు, నేను ఉన్న. చదివేటప్పుడు మాత్రం వేరేవాళ్ళ గురించి చదివినట్టే చదివిన.

అదే పుస్తకంలో విషయసూచిక చూడండి. మైదానం జనం చేసింది ‘ఉద్యమం’. మనం చేసింది ‘తిరుగుబాటు’. జాతీయోద్యమం, గ్రంథాలయోద్యమం అని రాసి, మన దగ్గరికి వచ్చేసరికి గిరిజన తిరుగుబాట్లు అంటరు. 1860లో నిర్మల్‌లో రాంజీ గోండును, ఆయనతో ఉన్నవాళ్ళను ఉరితీసిన చెట్టును జనం ‘వెయ్యి ఉరుల మర్రి’ అన్నరు. ఆ పేరులో జనం పెట్టుకున్న లెక్క ఉంది, దుఃఖం ఉంది. మన నోట్సులో అది ఒక లైను, నాలుగు ఆప్షన్లు.

ఈ ‘వీరు’ను అశోక్‌నగర్ పుట్టించలేదు. నోట్సు రాసే సార్లకు అది వెనకటి నుంచి వచ్చింది. ఎక్కడి నుంచి వచ్చిందో చూడాలంటే మనం రోజూ వాడే రెండు మాటలు చాలు.

మొదటిది ‘ఏజెన్సీ’. “మాది ఏజెన్సీ” అని మనమే చెప్పుకుంటం. 1839లో మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం, విశాఖపట్నం కొండ ప్రాంతాలను మామూలు చట్టాల నుంచి తప్పించి, కలెక్టర్‌ను గవర్నర్‌కు ఏజెంటుగా పెట్టారు. ఏజెంటు ఏలే చోటు కాబట్టి ఏజెన్సీ. 1874లో షెడ్యూల్డ్ జిల్లాల చట్టం వచ్చింది. 1919 చట్టంలో అవే ‘వెనుకబడిన ప్రాంతాలు’ అయినయి. 1935లో ‘మినహాయించిన ప్రాంతాలు’, ‘పాక్షికంగా మినహాయించిన ప్రాంతాలు’ అన్నరు. తర్వాత రాజ్యాంగంలో ఐదో షెడ్యూల్ వచ్చింది. ఐదో షెడ్యూల్ మనకు రక్షణ, దాన్ని కాపాడుకోవాలె, అందులో అనుమానం లేదు. కానీ ఆ పేరు వెంట వచ్చిన చూపు ఒకటి ఉంది: ఇది అసలు దేశానికి అవతల ఉన్న చోటు, ఇక్కడ మనుషులు ఇంకా తయారు కాలేదు అనే చూపు. మా ఆదిలాబాద్ అడవి నిజాం రాజ్యంలోది, మద్రాసు వాళ్ళది కాదు. అయినా ఆ మాట మా దాకా వచ్చి, మా నోట్లోనే కూర్చుంది.

రెండోది ‘పితూరి’. గూడెం, రంప కొండల్లో జనం లేచిన ప్రతిసారీ తెల్లదొరల రికార్డులు దాన్ని పితూరి అని రాసినయి. 1879లో రంప పితూరి అంతే, 1922 నుంచి 1924 దాకా అల్లూరితో గాం గంటందొర, మల్లుదొర నడిపిన పోరూ అంతే. ఇప్పుడు తెలుగులో పితూరి అంటే ఏందో మీకు తెలుసు. ఒకరి మీద ఇంకొకరికి చాడీలు చెప్పడం. ప్రాణాలు ఇచ్చి చేసిన యుద్ధం పేరు నూరేళ్ళలో చాడీ అయిపోయింది. ఎవరూ కుట్ర చేసి మార్చలేదు, మాట వాడుకలో అట్లా జారిపోయింది. దాన్ని పట్టుకుని నిలబెట్టేవాళ్ళు తెలుగు పుస్తకాలు రాసే చోట లేరు, అంతే.

మాటలతో ఆగితే బాగుండేది. 1871లో నేరస్త తెగల చట్టం తెచ్చారు. పుట్టుకతోనే దొంగలని కొన్ని జాతులను రాసిపెట్టే చట్టం అది. మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చినంక ఎరుకల వాళ్ళను స్టువర్టుపురంలో సాల్వేషన్ ఆర్మీ కింద సెటిల్మెంటు చేసి పెట్టారు. ఆ ఊరికి మద్రాసు ప్రభుత్వంలోని హెరాల్డ్ స్టువర్ట్ అనే దొర పేరు పెట్టారు. చట్టం 1952లో రద్దయింది. కానీ ఆ ఊరి పేరుతో దొంగల సినిమాలు 1991లోనూ వచ్చినయి, 2023లోనూ వచ్చినయి. ఆ ఊరి పిల్ల ఒకామె చదువుకోవడానికి ఈ గల్లీలకు వచ్చి రూము అడిగితే, సొంతూరు ఏదంటే ఏం చెప్పాలె? నా సంగతే చెప్తా. నారాయణగూడలో ఒక ఇంట్లో టూలెట్ బోర్డు చూసి పోయిన. ఇంటామె మంచిగనే మాట్లాడింది. పేరు అడిగింది, ఇంటిపేరు అడిగింది. “అంటే ఏమిట్లు?” అన్నది. చెప్పిన. “మా వాళ్ళొకరు అడిగిండ్రు బాబూ, రేపు చెప్తా” అన్నది. ఆ రేపు రాలేదు. రెండో ఇంట్లో నేను ఊరు పేరు ఒకటే చెప్పిన, ఇంటిపేరు దాచిన. రూము దొరికింది. ఆ దాచడం గురించి ఇప్పటికీ సిగ్గుపడతా.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా ఒప్పుకోవాలె. మన గురించి బయటివాడు రాసిందంతా విషం కాదు. జోడేఘాట్‌లో భీమ్‌ను చంపినంక నిజాం ప్రభుత్వానికి ఒక ప్రశ్న మిగిలింది, ఈ జనం ఎందుకు లేచిండ్రు అని. ఆ రోజుల్లో హైమన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా మానవశాస్త్రవేత్త హైదరాబాద్ రాజ్యంలో ఉన్నడు. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్నది, ఆయన దగ్గర జర్మన్ పాస్‌పోర్టు ఉన్నది. కాబట్టి బ్రిటిష్ వాళ్ళ లెక్కలో ఆయనే శత్రుదేశస్థుడు, ఆయనే పరాయివాడు. ఆయన మార్లవాయిలో ఉండి, మన భాష నేర్చుకుని, భూములు పోయిన తీరు రాసి పెట్టిండు. పట్టాలు ఇప్పించమని చెప్పిండు, గోండి టీచర్లకు శిక్షణ పెట్టించిండు. ఆయన భార్య బెట్టీ 1987లో చనిపోతే మార్లవాయిలోనే సమాధి కట్టుకున్నరు మనవాళ్ళు. అంటే మనం బయటివాణ్ణి ద్వేషించే జనం కాదు. కానీ ఆయన పుస్తకాలు ఇంగ్లీషులో ఉన్నయి, ఆ పుస్తకాల నుంచి ఇంకొకరు, వాళ్ళ నుంచి మరొకరు ఎత్తి రాస్తూ వచ్చి మన నోట్సు తయారైంది. ఎనభై ఏండ్ల కింద ఆయన చూసిన గోండే ఇప్పటికీ గోండు. ఆ మధ్యలో మనం డిగ్రీలు చేసినం, బస్సులెక్కినం, బండ్లు కొన్నం, సర్పంచులమైనం. నోట్సులో మాత్రం ఇంకా అదే గుడిసె ముందు నిలబడి ఉన్నం.

భీమ్ సంగతే తీసుకోండి. ఆయన అమరుడైన తేదీ కొన్ని పుస్తకాల్లో 1940 సెప్టెంబర్ 1 అని ఉంటది, కొన్నిటిలో అక్టోబర్ అని ఉంటది. ఏది పెట్టాలో తెలియక ఒకసారి మా తాతకు ఫోన్ చేసిన. ఆయన గోండిలో చెప్పింది తెలుగులో రాస్తే ఇది: “తారీఖు మాకెట్ల ఎరుక బిడ్డా? పున్నమి నాడు. ఆశ్వయుజ పున్నమి. వెన్నెల ఉన్నది కాబట్టే వాళ్ళకు దారి కనపడ్డది.” ఇప్పటికీ జోడేఘాట్‌లో వర్ధంతి ఆ పున్నమికే చేస్తరు. సెప్టెంబర్‌లోనూ చేయరు, ఒక తారీఖుకూ కట్టుబడరు. మన జ్ఞాపకానికి చంద్రుడు లెక్క. ఓఎంఆర్ షీటులో పున్నమికి గుండ్రం లేదు.

పేరు కూడా అంతే. కొమరం, కొమురం, కుమురం, కుమ్రం. 2016లో జిల్లాకు ఆయన పేరు పెట్టారు, మంచిదే. కానీ అది ఇంటిపేరు, కుమ్ర వంశం పేరు అని ఎంతమందికి తెలుసు? మన సర్టిఫికెట్లు చూసుకోండి. బడిలో చేర్పించిన రోజు సారు చెవికి ఎట్లా వినపడితే అట్లా రాసిండు. ఒకే ఇంట్లో అన్నది ఒక స్పెల్లింగు, చెల్లెది ఒక స్పెల్లింగు. తర్వాత సర్టిఫికెట్ వెరిఫికేషన్ రోజు, ఈ ఇద్దరు ఒకే తండ్రి పిల్లలేనా అని మనల్నే అడుగుతరు.

మన రూముల నుంచి ఇందిరా పార్క్ మీదుగా నడిస్తే ట్యాంక్‌బండ్. అక్కడ మొదట పెట్టిన విగ్రహాల్లో కాటన్ దొర ఉన్నడు, భీమ్ లేడు. తెలంగాణ ఉద్యమం లేచినంకనే ఆయన అక్కడికి వచ్చిండు. ఇటు ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌కు నడిస్తే సినిమా హాళ్ళు. 2022లో ఆర్‌ఆర్‌ఆర్ వచ్చినప్పుడు నేనూ పోయిన, భీమ్ పేరు వినపడ్డప్పుడు నేనూ విజిల్ వేసిన. అబద్ధమెందుకు? కానీ చివర్లో భీమ్ రామరాజును ఏం అడుగుతడు? చదువు. మా గూడేలల్ల చెప్పుకునే కథలో భీమ్ చాందా పోయి అచ్చాఫీసులో పనిచేస్తూ చదవడం, రాయడం నేర్చుకున్నడు, తర్వాత అస్సాం తేయాకు తోటల దాకా పోయిండు, అక్కడి కూలీల పోరాటాలు చూసిండు. మనకు గుర్తున్న భీమ్ అక్షరం సంపాదించుకున్నవాడు, దరఖాస్తు రాసి నిజాం దగ్గరికి పోయినవాడు. సినిమాలో భీమ్‌కు అక్షరం ఇంకొకరు ఇవ్వాలె. ఆ ఒక్క సీనులో మొత్తం ‘వీరు’ ఉంది. బలం వీరిది, తెలివి ఇంకొకరిది.

ఇది తెల్లవాడి తప్పు అని చెప్పి వదిలేస్తే తేలిక. కానీ నారాయణగూడలోనే ఇంకో కథ ఉంది. నిజాం కాలంలో ఈ నగరంలో తెలుగు మాట్లాడటమే తక్కువ. 1921 నవంబర్‌లో హైదరాబాద్‌లో జరిగిన ఒక సంఘ సంస్కరణ సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే సభ ఎగతాళి చేసింది. ఆ అవమానం నుంచే ఆంధ్ర జన సంఘం పుట్టింది. 1928లో మాడపాటి హనుమంతరావు నారాయణగూడలో ఆడపిల్లల కోసం తెలుగు బడి పెట్టిండు. ఆ బడి ఇప్పటికీ ఉంది. ఈ చరిత్ర కూడా మన సిలబస్‌లో ఉంది, దీనికి ‘ఉద్యమం’ అనే పేరు ఉంది, ఉండాలె కూడా.

మరి ఆ అవమానం తెలిసిన భాష, బడిలో గోండి పిల్లగానికి ఏం చేసింది? నేను ఒకటో తరగతిలో నీళ్ళు గోండిలో అడిగితే క్లాసంతా నవ్వింది. సారు కూడా నవ్విండు. ఆ సారు చెడ్డవాడు కాదు. ఆయనకు గోండి, కొలామి, కోయ అనేవి భాషలని ఎవరూ చెప్పలేదు. సభలో నవ్వినవాళ్ళను తెలుగువాళ్ళు నూరేళ్ళు గుర్తుపెట్టుకున్నరు. తాము నవ్విన సంగతి మాత్రం గుర్తుపెట్టుకోలేదు. వలస పాలన పోయినంక కూడా ‘పరాయివాడు’ అనే కుర్చీ ఖాళీ కాలేదు, అందులో కూర్చోబెట్టే మనుషులు మారిండ్రు.

ఇంత చిన్న మాటకు ఇంత రాద్ధాంతం ఎందుకన్నా అని మీలో కొందరు అడుగుతరు. దానికి జవాబు 2020 ఏప్రిల్ 22. షెడ్యూల్డ్ ఏరియా బడుల్లో టీచర్ పోస్టులు నూటికి నూరు మనకే అన్న 2000 నాటి జీవో 3ను సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల ధర్మాసనం ఆ రోజు కొట్టేసింది. చట్టం ప్రకారం తప్పొప్పులు వేరే చర్చ. తీర్పులో మన గురించి వాడిన భాష చూడండి. ఆదిమ సంస్కృతి, చేయూతనిచ్చి పైకి తేవలసినవాళ్ళు, ఇదీ వరస. లోకూర్ కమిటీ మాట కోర్టు మాట అయింది, కోర్టు మాట మన ఉద్యోగం మీద పడ్డది. ఆ జీవో ఉంటే ఈ అశోక్‌నగర్‌లో కూర్చునే అవసరం లేకుండా, ఊర్లోనే పిల్లలకు వాళ్ళ భాషలో పాఠం చెప్పే అక్కలు, అన్నలు ఎందరో నాకు తెలుసు. మన మీద రాసిన వాక్యాలు పుస్తకంలో పడి ఉండవు. అవి లేచి వచ్చి పని చేస్తయి.

జ్ఞాపకానికి కూడా అంతే బలం ఉంది కాబట్టే దానికి భయపడ్డరు. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో కాల్పులు జరిగినయి. ప్రభుత్వ లెక్క 13 మంది. ఊర్ల లెక్క, హక్కుల సంఘాల లెక్క దానికి ఎన్నో రెట్లు. స్తూపం కట్టుకుంటే పేల్చేసిండ్రు, మళ్ళీ కట్టిండ్రు. ఎన్నో ఏండ్లు ఏప్రిల్ 20 వస్తే 144 సెక్షన్. పూలు తెచ్చినోళ్ళను దారిలోనే ఆపిండ్రు. ఒక ప్రభుత్వం పూలను ఆపుతుందంటే ఆ జ్ఞాపకంలో తమకు చెప్పుకోలేని జవాబు ఏదో ఉందనే కదా.

“ముందు ఉద్యోగం కొట్టు, తర్వాత ఇవన్నీ మాట్లాడు” అని రూములో మా అన్న అంటడు. ఆయన మాట తీసేయలేను. ఇంటికాడ అమ్మ ఎదురుచూస్తున్నది, మెస్ బిల్లు నెల నెలా వస్తది, నోటిఫికేషన్ ఎప్పుడొస్తదో తెలియదు. బిట్ తప్పు పెట్టండి అని నేను ఎవరికీ చెప్పను. నేనూ పెట్టను. కానీ మా అన్నను ఒకటి అడిగిన. ఐదేండ్లు ‘వీరు, వీరు’ అని చదివి, రేపు ఆఫీసర్‌గా జీపు దిగితే నోట్లోంచి ఏం మాట వస్తది? “వీళ్ళు చెప్తే వినరు సార్” అనే మాటే వస్తది. మన ఇంటిపేరు ఉన్న ఆఫీసర్ల నోట అది నేను విన్న. వాళ్ళు పుట్టుకతో అట్లా లేరు, చదివి చదివి అట్లా అయిండ్రు.

అందుకే నేను రెండు నోట్‌బుక్కులు పెట్టుకున్న. ఒకటి పరీక్షకు. రెండోది ఇంటికి. మొదటిదాంట్లో జోడేఘాట్‌కు ఒక తారీఖు ఉంటది, రెండోదాంట్లో పున్నమి ఉంటది. మొదటిదాంట్లో గోండుల దేవత ఉంటది, రెండోదాంట్లో మా వంశం పేన్ ఏ ఊరి నుంచి ఏ ఊరికి వచ్చిందో ఉంటది. మన చరిత్ర ప్రధాన్, తోటి కళాకారుల కిక్రి తీగ మీద ఉన్నది. ఒక్కో ముసలాయన పోతుంటే ఒక్కో లైబ్రరీ మూతపడ్డట్టే. చేతిలో ఫోను ఉన్నది కదా, ఈసారి దండారికి ఇంటికి పోయినప్పుడు రీలు ఒకటి తక్కువ తీసి, ఒక గంట ఆయన పాట, ఆయన మాట రికార్డు చేయండి. మీ ఊరి పాత పేరు మీ భాషలో ఏందో అడగండి. ఎవరి భూమి ఎప్పుడు, ఎవరి చేతికి పోయిందో అడగండి. మీ ఇంటిపేరు ఇంట్లో ఎట్లా పలుకుతరో అట్లనే రాసుకోండి. మెయిన్స్‌లో వ్యాసం రాసే చోట, ఆధారం ఉన్న చోట, ‘తిరుగుబాటు’ అనే దగ్గర ‘పోరాటం’ అని రాయండి. దానికి మార్కు పోదు.

మన సార్లకు, తోటి విద్యార్థులకు కూడా ఒక మాట. 1946 డిసెంబర్‌లో రాజ్యాంగ సభలో జైపాల్ సింగ్ ముండా నిలబడి, నేను జంగ్లీనే అని గర్వంగా చెప్పి, ఆదివాసీలకు ప్రజాస్వామ్యం నేర్పనక్కరలేదు, వాళ్ళ దగ్గరే మీరు నేర్చుకోవాలె అన్నడు. ఆయన ఆ మాట అన్న సభలోనే మన రాజ్యాంగం తయారైంది. నోట్సులో ఆయన పేరు కూడా చేర్చండి. గోండుల గురించి, కోయల గురించి, చెంచుల గురించి రాసేటప్పుడు మీ క్లాసులో ముందు బెంచీలోనో, వెనక బెంచీలోనో కూర్చున్న ఆ పిల్లలను ఒక్కసారి అడగండి, ఇది నిజమేనా అని.

తెలుగులో ఒక మంచి సంగతి ఉంది. ‘మేము’ వేరు, ‘మనం’ వేరు. వింటున్నవాణ్ణి కూడా కలుపుకుంటే మనం. కలుపుకోకపోతే మేము. మీటింగుల్లో పెద్దలు మనల్ని చూసి ‘మనమంతా ఒక్కటే’ అంటరు. పుస్తకం తెరిస్తే ‘వీరు’ అంటరు. ఆ రెండింటి మధ్య మనకు ‘మేము’ అని చెప్పుకునే చోటు దొరకలేదు. ముందు ఆ మాట చెప్పుకోనియ్యండి. మేము ఎవరమో మేము చెప్పినంక, మీరు విన్నంక, అప్పుడు ‘మనం’ అనే మాటకు అర్థం వస్తది.

రేపు పొద్దున మళ్ళీ లైబ్రరీ ముందు లైన్ల కలుద్దాం. పక్కన నిలబడ్డ తమ్మునిది ఏ ఊరో, ఇంట్లో ఏ భాషో అడుగుదాం. మనకు బెరుకు లేదు.

జోహార్.